చిన్న మర్దన కేంద్రాలు దీర్ఘకాలం నిలబడాలంటే

(ప్రత్యేక వ్యాసం)

స్వయం ఉపాధి పథకాల కింద సేవారంగంలో నెలకొల్పదగిన చిన్న సంస్థలలో మర్దన కేంద్రం ఒకటి. ఒక గది, ఒక బల్ల, కొన్ని తువాళ్లు, రెండు మూడు రకాల నూనెలు, శిక్షణ పొందిన ఒక జత చేతులు ఉంటే ఈ వృత్తిని ప్రారంభించవచ్చు. పెట్టుబడి స్వల్పం కనుక ప్రారంభించడం కష్టం కాదు. కష్టమంతా మూడవ ఏట, అయిదవ ఏట, పదవ ఏట ఆ గది తలుపు తెరిచి ఉంచడంలోనే ఉన్నది. రుణ మంజూరు, ప్రారంభోత్సవం వరకు ఉండే శ్రద్ధ ఆ తరువాతి సంవత్సరాల మీద అంతగా ఉండదు. ఈ వృత్తి స్వభావాన్ని, దాని ఆర్థిక పరిమితులను, చట్టపరమైన స్థితిని అధికారులకు, పాత్రికేయులకు వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పిండిమర నడిపే వ్యక్తి గిరాకీ పెరిగితే మరో రెండు గంటలు మర తిప్పుతాడు. మర్దన వృత్తిలో ఆ వెసులుబాటు లేదు. ఇక్కడ ఉత్పత్తి సాధనం మనిషి చేతులు. అవి రోజుకు చేయగలిగిన పనికి ఒక హద్దు ఉన్నది. ఆ హద్దును దాటి కొంతకాలం సంపాదించవచ్చు గాని, దాని మూల్యం బొటనవేలి కీలు, మణికట్టు, నడుము చెల్లించవలసి ఉంటుంది. చిన్న మర్దన కేంద్రం మనుగడకు సంబంధించిన దాదాపు ప్రతి నిర్ణయమూ, అనగా ధర, అద్దె, రాయితీ, రెండవ ఉద్యోగి నియామకం, అప్పు కిస్తు, ఈ ఒక్క హద్దు చుట్టూనే తిరుగుతుంది.

తెలుగునాట పాత వృత్తే

తెలుగువారికి మర్దన కొత్త విషయం కాదు. దీపావళినాటి తలంటు, పెళ్లిలో నలుగు, బాలింతకు, పసిబిడ్డకు నూనె రాసి కాచిన నీళ్లు పోయడం ఇంటింటా ఉన్న ఆచారాలే. పసిబిడ్డకు నీళ్లు పోయడానికి ఇంటికి వచ్చే అనుభవజ్ఞురాలైన స్త్రీ ఈనాటి భాషలో చెప్పాలంటే ఇంటివద్ద సేవలందించే మర్దనకారిణియే. క్షౌరశాలలో క్షవరం ముగిశాక తలకు, మెడకు, భుజాలకు చేసే మాలీషు నాయీబ్రాహ్మణుల వృత్తి నైపుణ్యంలో భాగం. ఆయుర్వేదంలో వాగ్భటుని అష్టాంగహృదయం దినచర్యాధ్యాయంలో అభ్యంగనాన్ని నిత్యకృత్యంగా విధించి, తలకు, చెవులకు, పాదాలకు విశేషంగా చేయాలన్నది. అదే చోట కఫరోగులకు, శోధన చికిత్స చేయించుకున్నవారికి, అజీర్ణంతో ఉన్నవారికి అభ్యంగనం తగదని కూడా హెచ్చరించింది. ఎవరికి చేయరాదో చెప్పడం ఈ విద్యలో మొదటినుంచీ భాగమేనన్నది గమనార్హం.

పాత వృత్తికి, నేటి కేంద్రానికి మధ్య ప్రధానమైన తేడా అద్దె. ఇంటికి వెళ్లి నీళ్లు పోసే స్త్రీకి గది అద్దె లేదు. క్షౌరశాలలో మాలీషు చేసే వ్యక్తికి అద్దెను క్షవరం భరిస్తుంది. మర్దననే నమ్ముకుని విడిగా గది తీసుకున్న వ్యక్తికి మాత్రం మనిషి వచ్చినా రాకున్నా నెల తిరిగేసరికి అద్దె చెల్లించక తప్పదు. కనుక విడి కేంద్రం తెరవదలచినవారు మొదటి ఏడాదిపాటు ఇళ్లకు వెళ్లి పనిచేసి, నమ్మకమైన ఖాతాదారులను సమకూర్చుకుని, ఆ తరువాతనే గది అద్దెకు తీసుకోవడం శ్రేయస్కరం. ఇందులోనూ ఇబ్బందులు లేకపోలేదు. ప్రయాణంలో పోయే సమయానికి ఎవరూ డబ్బు ఇవ్వరు. పరిచయం లేని ఇళ్లకు ఒంటరిగా వెళ్లే మహిళల భద్రత మరింత ముఖ్యం. తెలిసినవారి ద్వారా వచ్చిన ఇళ్లకే వెళ్లడం, వెళ్లే చోటు, తిరిగివచ్చే వేళ ఇంట్లో చెప్పి ఉంచడం ఈ వృత్తిలో ఉన్న మహిళలు పాటించవలసిన కనీస జాగ్రత్తలు.

అంకెలు చెప్పే సంగతి

ఒక ఉదాహరణ ద్వారా ఈ వృత్తి ఆర్థిక స్వరూపాన్ని అర్థం చేసుకోవచ్చు. దిగువ అంకెలు లెక్క కోసం తీసుకున్నవే గాని ఏ ఒక్క కేంద్రానికీ సంబంధించినవి కావు. ఒక జిల్లా కేంద్రంలో యజమానే స్వయంగా పనిచేసే మర్దన కేంద్రం ఉన్నదనుకుందాం. నెలకు 25 పనిదినాలు, రోజుకు గంటసేపు మర్దనలు 5 చొప్పున గరిష్ఠంగా 125 చేయవచ్చు. ఆచరణలో వీటిలో 75 మాత్రమే నిండాయనుకుంటే, ఒక్కొక్కదానికి రూ.800 చొప్పున నెల రాబడి రూ.60,000. నూనె, తువాళ్ల ఉతుకు మొదలైనవి మర్దనకు రూ.90 చొప్పున రూ.6,750. అద్దె రూ.14,000, విద్యుత్తు, నీరు, ఫోను రూ.4,000, బ్యాంకు కిస్తు రూ.6,000. మొత్తం ఖర్చు రూ.30,750 పోగా యజమాని కుటుంబ పోషణకు మిగిలేది రూ.29,250.

ఇప్పుడు పక్క వీధిలో మరొక కేంద్రం వచ్చిందని, గిరాకీ తగ్గుతుందన్న భయంతో యజమాని ధరను నాలుగోవంతు తగ్గించి రూ.600 చేశాడని అనుకుందాం. నూనె, ఉతుకు ఖర్చు పోగా మునుపు ఒక్కో మర్దనకు రూ.710 మిగిలేది. ఇప్పుడు మిగిలేది రూ.510. పాత మిగులే రావాలంటే 75కు బదులు 105 మర్దనలు చేయాలి. అంటే అదే డబ్బు కోసం నెలకు 30 గంటలు అదనంగా చేతులు అరగదీయాలి. వస్త్ర దుకాణంలో తగ్గింపు ధర వలన పోయేది లాభం మాత్రమే. ఇక్కడ పోయేది ఆరోగ్యం. ప్రారంభ రాయితీల హోరులో ఈ లెక్క వేసుకునేవారు అరుదు.

అదే యజమాని ధరను రూ.50 పెంచాడనుకుంటే, ఒక్క మర్దన కూడా అదనంగా చేయకుండానే నెలకు రూ.3,750 ఎక్కువ వస్తుంది. ధర పెరిగినందున నెలకు ఐదుగురు తగ్గినా, మిగిలిన 70 మందికి రూ.760 చొప్పున వచ్చే రూ.53,200 పాత మిగులు రూ.53,250కి దాదాపు సమానం, చేతులకు మాత్రం ఐదు గంటల విశ్రాంతి. నూనెల ధరలు, అద్దె ఏటా పెరుగుతుంటాయి. ఏళ్ల తరబడి ధర మార్చకుండా ఉండి, ఒక్కసారిగా రూ.200 పెంచి ఖాతాదారులను పోగొట్టుకోవడం కంటే, ఏడాదికి ఒకసారి నెల రోజుల ముందే తెలియజేసి కొద్దిగా పెంచడం మేలు.

రాబడి పెంచుకునే రెండవ దారి ఖాళీగా పోయే గంటలను నింపుకోవడం. సాయంత్రాలు, ఆదివారాలు గిరాకీ ఎక్కువ, పగటివేళ తక్కువ. ఉద్యోగ విరమణ చేసినవారు, గృహిణులు, రాత్రి షిఫ్టులలో పనిచేసేవారు పగటివేళ రాగలవారు. రాయితీ ఇవ్వదలచుకుంటే అందరికీ గాక ఈ వేళలకే పరిమితం చేయడం సముచితం. చెప్పిన వేళకు రాకుండా మానేసేవారి వలన కలిగే నష్టం కూడా చిన్నది కాదు. వారానికి ఇద్దరు రాకుంటే నెలకు దాదాపు తొమ్మిది గంటలు వృథా. ముందురోజు ఫోను చేసి గుర్తుచేయడం ఈ నష్టాన్ని తగ్గించే అతి చవకైన ఉపాయం.

పది మర్దనలకు ముందే సొమ్ము తీసుకుని పదకొండవది ఉచితంగా చేసే పద్ధతి ఆకర్షణీయంగా కనిపించినా, ఆ సొమ్ము ఆదాయం కాదు, బాకీ. దానిని అద్దెకు, ఇంటి ఖర్చుకు వాడేసిన తరువాత పని మాత్రం మిగిలి ఉంటుంది. 2020 మార్చి 25 నుంచి దేశవ్యాప్త లాక్‌డౌన్ అమలైనప్పుడు, ఇట్టి ముందస్తు సొమ్ము తీసుకుని ఉన్న సేవాసంస్థలకు రాబడి ఆగిపోగా బాకీ మిగిలింది. మనిషిని తాకకుండా చేయలేని పని కనుక మర్దన వృత్తికి ఆ కాలంలో వేరే మార్గం కూడా లేకపోయింది.

చేతులను కాపాడుకోవడం

బొటనవేళ్లతో గట్టిగా నొక్కడం ద్వారానే మంచి మర్దన జరుగుతుందన్నది అపోహ. దీర్ఘకాలం పనిచేసేవారు బొటనవేలి వాడకం తగ్గించి, అరచేయి, ముంజేయి, మోచేతులను ఎక్కువగా ఉపయోగిస్తారు. కండబలంతో నొక్కకుండా ముందుకు వాలి శరీరపు బరువును వినియోగిస్తారు. ఇందుకు బల్ల ఎత్తు సరిగా ఉండాలి. బల్ల ఎక్కువ ఎత్తుంటే భుజాలు, తక్కువ ఎత్తుంటే నడుము దెబ్బతింటాయి. ఎత్తు మార్చుకునే వీలున్న బల్లకు కొంత ఎక్కువ ధర పెట్టడం వృథా ఖర్చు కాదు. గది అలంకరణకు, స్వాగత ఫలకానికి వెచ్చించే సొమ్ములో కొంత బల్లకు మళ్లించాలని రుణ ప్రతిపాదనల దశలోనే అధికారులు సూచించవచ్చు.

ఒక మర్దనకు, మరొకదానికి మధ్య కనీసం పావుగంట విరామం ఉండాలి. ఆ సమయంలో దుప్పటి మార్చడం, చేతులు కడుక్కోవడం, వివరాలు రాసుకోవడం పూర్తవుతాయి, వేళ్లకు కొంత విశ్రాంతి లభిస్తుంది. గట్టి ఒత్తిడితో చేసే మర్దనలు రెండు వరుసగా పెట్టుకోకుండా, మధ్యలో తలకు లేక పాదాలకు చేసే తేలికపాటి మర్దన ఉండేలా వేళలు కేటాయించుకోవాలి. ఉదయం లేవగానే వేళ్లు బిగుసుకుపోవడం, రాత్రివేళ చేతికి తిమ్మిరి రావడం, సీసా మూత తిప్పేటప్పుడు బొటనవేలి మొదట్లో నొప్పి కలగడం నిర్లక్ష్యం చేయదగిన లక్షణాలు కావు. ఈ దశలో పని తగ్గించుకుని వైద్యుని సంప్రదిస్తే కోలుకునే అవకాశం మెరుగ్గా ఉంటుంది. సంవత్సరంపాటు ఓర్చుకుని పనిచేస్తే వృత్తినే వదులుకోవలసి రావచ్చు.

పై ఉదాహరణలోని యజమాని చేయి దెబ్బతిని ఒక నెల పని ఆగిందనుకుందాం. రాబడి సున్న. అద్దె, విద్యుత్తు, కిస్తు కలిపి రూ.24,000 మాత్రం కట్టక తప్పదు. మూడు నెలల స్థిరఖర్చు రూ.72,000. నెలకు రూ.2,000 చొప్పున దాచితే మూడేళ్లకు ఈ నిల్వ సమకూరుతుంది. కేంద్ర ప్రభుత్వ ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన కింద 18 నుంచి 70 ఏళ్ల వయస్సు గల బ్యాంకు ఖాతాదారులకు ఏడాదికి రూ.20 చెల్లింపుతో ప్రమాద బీమా లభిస్తుంది. ప్రమాదంలో మరణించినా, రెండు చేతులూ కోల్పోయినా రూ.2 లక్షలు, ఒక చేయి కోల్పోతే రూ.1 లక్ష. చేతులతో బతికే ప్రతి ఒక్కరూ చేరదగిన పథకమిది. అయితే ఏళ్ల తరబడి పనివలన అరిగిపోయిన కీలు ప్రమాదం కిందకు రాదు. ఆ నష్టాన్ని భరించేది సొంత నిల్వ ఒక్కటే.

రెండవ జత చేతులు

యజమాని చేతులు నిండిపోయిన తరువాత కేంద్రం పెరగాలంటే మరొకరిని నియమించాలి. చిన్న కేంద్రాలు చాలావరకు తడబడేది ఇక్కడే. నెల జీతం మీద తీసుకుంటే పని లేని రోజులకు కూడా జీతం ఇవ్వాలి. మర్దనకు ఇంత అని వాటా ఇస్తే, పని ఎక్కువ చేయాలన్న ఆశతో చేతులు త్వరగా పాడవుతాయి. పైగా నేర్చుకున్న వ్యక్తి కొందరు ఖాతాదారులతో సహా వెళ్లి సొంతంగా మరొక గది తెరవడం ఈ వృత్తిలో సహజం. దానిని ద్రోహంగా చూడడం కన్నా వృత్తి స్వభావంగా గుర్తించి, కనీస జీతం, దానిపై పనిని బట్టి వాటా కలిపి ఇచ్చే పద్ధతిని అనుసరించిన చోట ఉద్యోగులు ఎక్కువకాలం నిలిచే అవకాశం ఉంటుంది. రోజుకు ఇన్నింటికి మించి మర్దనలు చేయరాదన్న హద్దు యజమానికి వర్తించినట్లే ఉద్యోగికీ వర్తించాలి.

ఉద్యోగుల సంఖ్య ఎంత తక్కువైనా పనిచోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013 వర్తిస్తుంది. పది మంది లేక అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ అంతర్గత కమిటీని ఏర్పాటు చేయాలి. అంతకన్నా తక్కువ ఉన్న సంస్థలలోని మహిళలు జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. ఖాతాదారుని అనుచిత ప్రవర్తన కూడా ఈ చట్టం పరిధిలోకే వస్తుంది. అసభ్యంగా ప్రవర్తించిన వ్యక్తిని మధ్యలోనే లేపి పంపివేసే అధికారం మర్దనకారిణికి ఉన్నదని, అందువలన ఆమె వాటాకు కోత ఉండదని యజమాని ముందే స్పష్టం చేయాలి. ఒక గంట రాబడి పోతుంది, పదేళ్ల పేరు మిగులుతుంది.

నమ్మకం, పరిశుభ్రత

ఒకసారి వచ్చిన వ్యక్తి మళ్లీ రావడం మీదనే చిన్న కేంద్రం బతుకు ఆధారపడి ఉంటుంది. కొత్తవారి కోసం ప్రకటనలకు వెచ్చించడం కంటే, ఉన్నవారిని నిలుపుకోవడం చవక. నెలకు ఒకసారి వచ్చే 75 మంది ఉంటే పై ఉదాహరణలోని కేంద్రం నడుస్తుంది. జిల్లా కేంద్రంలో 75 మందిని సంపాదించడం అసాధ్యం కాదు. వారి పేర్లు, ఏ నూనె పడదో, ఏ భుజం నొప్పో, పోయినసారి ఏమి చేశారో రాసిపెట్టుకున్న నోటుపుస్తకం ఈ వృత్తిలో విలువైన ఆస్తి. ఆరోగ్య వివరాలుంటాయి కనుక దానిని భద్రంగా తాళంలో ఉంచడం యజమాని బాధ్యత.

పరిశుభ్రత విషయంలో తువాళ్లు కేంద్రం స్థితిని చెప్పకనే చెబుతాయి. నువ్వుల నూనె పీల్చుకున్న నూలుబట్టను చల్లనీటిలో ఉతికితే జిడ్డు పోదు, రెండు మూడు ఉతుకుల తరువాత పాతబడిన నూనె వాసన పట్టుకుంటుంది. వేడినీరు, సబ్బుపొడితో ఉతికి పూర్తిగా ఎండబెట్టాలి. జిడ్డు వదలని బట్టలను ఎండబెట్టే యంత్రం నుంచి వేడిగా తీసి కుప్పగా పోస్తే వాటంతట అవే రాజుకునే ప్రమాదం కూడా ఉన్నది. నూనెను పెద్ద డబ్బాలలో నెలల తరబడి నిల్వ చేయక, అవసరమైన మేరకు కొనుక్కోవడం మంచిది. ప్రతి వ్యక్తికీ ఉతికిన దుప్పటి వేయడం ఖర్చుతో కూడినదే. అయినా ఆ ఖర్చు తగ్గించుకున్న కేంద్రానికి రెండవసారి వచ్చేవారు ఉండరు.

ఎవరికి మర్దన చేయరాదన్న అవగాహన మరింత ముఖ్యం. ఒక కాలి పిక్కలో మాత్రమే వాపు, నొప్పి ఉన్నట్లయితే లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. అక్కడ మర్దన చేస్తే గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరి ప్రాణాపాయం కలగవచ్చు. జ్వరం, చర్మవ్యాధులు, తెరిచి ఉన్న గాయాలు, ఇటీవలి శస్త్రచికిత్స, ఎముక విరుగుడు ఉన్నవారికి మర్దన చేయరాదు. గర్భిణులు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు వైద్యుని సలహా లేకుండా చేయించుకోరాదు. మధుమేహం వలన పాదాలకు స్పర్శ తగ్గినవారికి వేడినూనె వాడితే కాలినట్లు వారికి తెలియకపోవచ్చు. ఈ ప్రశ్నలు అడిగి, అవసరమైతే డబ్బు తీసుకోకుండా ఆసుపత్రికి పంపే కేంద్రం ఆ రోజు రూ.800 నష్టపోతుంది. ఆ వ్యక్తి కుటుంబం మాత్రం ఆ కేంద్రాన్ని మరచిపోదు.

మర్దన వలన కలిగే ప్రయోజనాన్ని ఉన్నంతవరకే చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో దీర్ఘకాలిక నడుమునొప్పిపై విడుదల చేసిన మార్గదర్శకాలలో మందులు లేని సంరక్షణ పద్ధతులలో మర్దనను కూడా పేర్కొన్నది. అది ఉపశమనం గురించి చెప్పిన మాటే గాని, రోగం నయమవుతుందన్న హామీ కాదు. ఫలానా తైలంతో పక్షవాతం, మధుమేహం, స్థూలకాయం నయమవుతాయని ప్రకటించడం 1954 నాటి ఔషధాలు, అద్భుత చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం కింద శిక్షార్హం. ఇట్టి ప్రకటనలను స్వీకరించే ముందు పత్రికలు కూడా ఈ చట్టాన్ని దృష్టిలో ఉంచుకోవలసి ఉన్నది.

చట్టం, పేరుప్రతిష్ఠలు

మన దేశంలో సాధారణ మర్దన వృత్తికి ప్రత్యేకమైన చట్టబద్ధ అర్హతా పరీక్ష లేదు. దుకాణాలు, సంస్థల చట్టం, 1988 కింద నమోదు, పురపాలక లేక నగరపాలక సంస్థ నుంచి వ్యాపార లైసెన్సు రెండు తెలుగు రాష్ట్రాలలోనూ సాధారణంగా అవసరం. 2020 జులై 1 నుంచి అమలులో ఉన్న ఉద్యమ్ నమోదు ఉచితం. కేరళ పర్యాటక శాఖ ఆయుర్వేద కేంద్రాలను గ్రీన్ లీఫ్, ఆలివ్ లీఫ్ పేర్లతో వర్గీకరించి గుర్తింపు ఇచ్చింది. దాని వలన పర్యాటకులకు నమ్మదగిన కేంద్రం ఏదో తెలిసే వీలు కలిగింది.

అట్టి గుర్తింపు లేనిచోట నిజాయితీగా పనిచేసేవారు అనుమానాల భారాన్ని మోయవలసి వస్తున్నది. మర్దన కేంద్రం ముసుగులో అనైతిక వ్యాపారం చేసేవారిపై అనైతిక వ్యాపార నిరోధక చట్టం, 1956 కింద చర్య తీసుకోవడం పోలీసుల విధి. అయితే ‘మసాజ్ సెంటర్లపై దాడులు’ అన్న శీర్షిక వెలువడిన మరునాడు అదే వీధిలో పదేళ్లుగా నడుముల నొప్పి చూస్తున్న కేంద్రానికి కూడా ఫోన్లు ఆగిపోతాయి. ఇల్లు అద్దెకిచ్చిన యజమాని ఖాళీ చేయమంటాడు. దాడి జరిగిన చోటు, నమోదైన నేరం స్పష్టంగా రాస్తే ఈ నష్టం చాలావరకు తగ్గుతుంది. దాడుల సందర్భంగా పట్టుబడిన లేక రక్షించబడిన లైంగిక వృత్తిదారుల గుర్తింపు బయటపడకుండా మాధ్యమాలు జాగ్రత్త వహించాలని సుప్రీంకోర్టు 2022 మేలో సూచించిన విషయం ఇక్కడ ప్రస్తావనార్హం.

నియంత్రణ ఎంతవరకు ఉండాలన్న విషయంలో న్యాయస్థానాల అభిప్రాయాలు కూడా ఒక్కతీరుగా లేవు. 2021 డిసెంబరులో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఒకరు స్పా, మర్దన కేంద్రాలలో సీసీ కెమెరాలు ఉండాలని ఆదేశించగా, 2022 జనవరిలో అదే హైకోర్టు మదురై ధర్మాసనంలోని మరొక న్యాయమూర్తి లోపలి భాగంలో కెమెరాలు పెట్టడం వ్యక్తిగత గోప్యతకు భంగకరమని అభిప్రాయపడ్డారు. స్త్రీలకు పురుషులు, పురుషులకు స్త్రీలు మర్దన చేయరాదన్న ఢిల్లీ ప్రభుత్వ నిబంధన అమలును ఢిల్లీ హైకోర్టు 2021 డిసెంబరులో నిలిపివేసింది. చట్టపు చర్చ ఎట్లున్నా, జిల్లా కేంద్రంలోని చిన్న కేంద్రం వీధివైపు కనిపించే ప్రవేశం, గోడమీద స్పష్టమైన ధరల పట్టిక, ఇచ్చిన ప్రతి రూపాయికీ రసీదు, నిర్ణీత వేళలు పాటిస్తే దాని స్వభావం ఇరుగుపొరుగుకే తెలుస్తుంది. ఆపదవేళ సాక్ష్యం చెప్పేది వారే.

జపాన్ అనుభవం

ఒక వృత్తిగా మర్దన తరతరాలు నిలవగలదనడానికి జపాన్ నిదర్శనం. పదిహేడవ శతాబ్దానికి చెందిన అంధుడు సుగియామా వాయిచి అంధులకు సూదివైద్యం, మర్దన నేర్పే పాఠశాలలను నెలకొల్పాడు. నేటికీ అక్కడ మర్దన వృత్తిలో చేరాలంటే కనీసం మూడేళ్ల శిక్షణ, ఆపై జాతీయ పరీక్షలో ఉత్తీర్ణత అవసరం. దృష్టిలోపం గలవారి జీవనోపాధికి భంగం కలగకుండా, చూపున్నవారి కోసం కొత్త మర్దన శిక్షణ సంస్థల స్థాపనపై 1964లో పరిమితి విధించారు. ఆ పరిమితి రాజ్యాంగబద్ధమేనని 2022 ఫిబ్రవరిలో జపాన్ సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. దక్షిణ కొరియాలో ఇదే విధమైన ప్రత్యేక హక్కు మీద 2006లో ప్రతికూల తీర్పు రాగా, చట్టసభ దానిని చట్టరూపంలో పునరుద్ధరించింది, 2008లో రాజ్యాంగ న్యాయస్థానం సమర్థించింది. తైవాన్‌లో మాత్రం 2008లో రాజ్యాంగ న్యాయస్థానం అది చెల్లదన్నది. ప్రత్యేక హక్కు సంగతి ఎట్లున్నా, స్పర్శజ్ఞానమే ప్రధానమైన ఈ వృత్తి దృష్టిలోపం గలవారికి గౌరవప్రదమైన ఉపాధి కాగలదు. స్పర్శతో గుర్తించగల సీసాలు, ఎప్పుడూ ఒకేచోట ఉండే సామగ్రి, మాట్లాడే ఫోను ఉంటే వారు స్వతంత్రంగా కేంద్రం నడపగలరు.

పన్నులు, రుణాలు

సేవలందించే సంస్థ వార్షిక టర్నోవరు రూ.20 లక్షలు మించనంతవరకు తెలుగు రాష్ట్రాలలో సాధారణంగా జీఎస్టీ నమోదు అవసరం ఉండదు. పై ఉదాహరణలోని కేంద్రం ఏడాది రాబడి రూ.7.2 లక్షలే. పరిమితి దాటిన కేంద్రాలకు 2025 సెప్టెంబరు 22 నుంచి సౌందర్య, శారీరక స్వస్థత సేవలపై పన్ను 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అయితే కొనుగోళ్లపై చెల్లించిన పన్నును మినహాయించుకునే సౌకర్యం ఈ 5 శాతం రేటులో లేదు. అద్దెపై, సామగ్రిపై కట్టిన పన్ను ఖర్చుగానే మిగులుతుంది. రూ.50 లక్షల లోపు టర్నోవరు గల సేవాసంస్థలకు 6 శాతం చొప్పున కాంపోజిషన్ పద్ధతి ఉన్నప్పటికీ, ఆ పన్నును ఖాతాదారుని నుంచి వసూలు చేయరాదు, యజమానే భరించాలి. ఏ పద్ధతి మేలో లెక్కవేసుకున్న తరువాతనే ఎంచుకోవలసి ఉంటుంది.

ప్రధానమంత్రి ముద్రా యోజన కింద శిశు విభాగంలో రూ.50,000 వరకు, కిశోర్ విభాగంలో రూ.5 లక్షల వరకు, తరుణ్ విభాగంలో రూ.10 లక్షల వరకు రుణం లభిస్తుంది. తరుణ్ రుణాన్ని సక్రమంగా తీర్చినవారికి రూ.20 లక్షల వరకు ఇచ్చే విభాగం 2024లో చేరింది. ఒక గది, ఒక బల్ల ఉన్న కేంద్రానికి పెద్ద రుణం మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. కిస్తు పెరిగేకొద్దీ చేయవలసిన మర్దనల సంఖ్య పెరుగుతుంది, చేతుల హద్దు మాత్రం పెరగదు. నెలకు రూ.710 మిగిలే మర్దనలు ఎన్ని కిస్తుకే పోతున్నాయో లెక్కిస్తే అప్పు బరువు స్పష్టమవుతుంది. రూ.6,000 కిస్తు అంటే దాదాపు తొమ్మిది మర్దనలు. రూ.18,000 కిస్తు అంటే ఇరవై అయిదుకు పైగా, అనగా వారం రోజుల పని.

ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమంలో సేవారంగ యూనిట్ల ప్రాజెక్టు వ్యయ పరిమితిని 2022లో రూ.10 లక్షల నుంచి రూ.20 లక్షలకు పెంచారు. ఈ పథకం కింద వచ్చే సబ్సిడీ సొమ్ము లబ్ధిదారు చేతికి వెంటనే అందదు. అది మూడేళ్లపాటు బ్యాంకులో డిపాజిట్‌గా ఉండి, యూనిట్ పనిచేస్తున్నదని భౌతిక తనిఖీలో తేలిన తరువాత రుణఖాతాకు సర్దుబాటు అవుతుంది. ఆ తనిఖీకి వెళ్లిన అధికారి సాధారణంగా చూసేది బోర్డు, బల్ల, సామగ్రి. వాటితోపాటు వేళల పుస్తకాన్ని కూడా చూడవలసి ఉన్నది. గత మూడు నెలలలో ఎన్ని మర్దనలు జరిగాయి, వచ్చినవారిలో ఎందరు మళ్లీ వచ్చారు, యజమాని రోజుకు ఎన్ని చేస్తున్నాడు, చేతినొప్పితో ఎన్ని రోజులు మూసివేశాడు అన్న నాలుగు వివరాలు ఆ పుస్తకంలోనే దొరుకుతాయి. రోజుకు ఎనిమిదేసి చేస్తున్న కేంద్రం పైకి కళకళలాడుతున్నా ప్రమాదంలో ఉన్నట్లే. రోజుకు నాలుగు చేస్తూ వాటిలో మూడు పాత ఖాతాదారులవే అయిన కేంద్రం నిలకడగా ఉన్నట్లు. సక్రమంగా నడిచి మొదటి రుణం తీర్చిన యూనిట్లకు విస్తరణ కోసం రెండవ విడత సహాయం కూడా ఈ పథకంలో పొందుపరిచారు. సేవారంగంలో దాని పరిమితి రూ.25 లక్షలు, సబ్సిడీ 15 శాతం. రెండవ బల్ల, రెండవ ఉద్యోగి కోసం ఆ సహాయానికి దరఖాస్తు చేసేవారు ఆదాయపు లెక్కలకు తోడు వేళల పుస్తకాన్ని కూడా బ్యాంకుకు చూపితే మొదటి బల్ల నిజంగా నిండినదీ లేనిదీ రుణం ఇచ్చేవారికి తేలికగా బోధపడుతుంది.